అక్క తోమిన పళ్లు

మాది ఖానాపూర్ దగ్గర ఒక ఊరు. బాపు చర్చి ఆవరణ చూసుకునేవాడు, పని లేని రోజుల్లో కూలికి పోయేవాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నాట్లకో, కలుపుకో, పత్తి ఏరడానికో తెల్లారకముందే వెళ్లిపోయేది. కాబట్టి నన్ను పెంచింది అక్క. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, క్రిస్మస్ పాటలు నేర్పింది, పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. పళ్లు కూడా అక్కే తోమేది.

మిగతా పనులన్నీ ప్రేమగా చేసే మనిషి, పళ్లు తోమేటప్పుడు మాత్రం మారిపోయేది. వాకిట్లో నన్ను తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో గడ్డం పట్టుకుని, కుడిచేతి వేలితో బొగ్గుపొడి పెట్టి రుద్దేది. బొగ్గుతో పోకపోతే ఉప్పు. ఉప్పుతో పోకపోతే పిడకల బూడిద. ఒకసారి ఇటుక పొడి కూడా పెట్టింది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది.

"గీ పాచి ఎట్ల పోతదే? ఒక్కనాడన్న మంచిగ తోముకుంటివా?" అనేది.

"తోముకున్నక్కా."

"తోముకుంటె గిట్లెందుకుంటయి? అబద్ధాలు గూడ నేర్చినవ్."

నా పాలపళ్లు ఎలా ఉండేవో నాకు గుర్తు లేదు. అవి ఊడిపోయి కొత్తవి వచ్చినప్పుడు మాత్రం బాగా గుర్తుంది. అవి వస్తూ వస్తూనే పసుపుపచ్చగా వచ్చాయి. ఏడాదీ రెండేళ్లలో ఆ పసుపు బూడిద రంగుకు తిరిగింది. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు పడ్డాయి. చిగుళ్లలోంచి అప్పుడే మొలిచిన పన్నుకు పాచి ఎక్కడిదని ఆ వయసులో నేను అడగలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అడగలేదు. అక్క మురికి అన్నది కాబట్టి మురికే అనుకున్నాను.

బడిలో పిల్లలు నన్ను బూడిదనోటిది అని పిలిచేవారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడే అలవాటైంది. చర్చిలో పిల్లల పాటల బృందంలో నా గొంతు బాగుండేది, కానీ పెదవులు తెరవకుండా పాడేదాన్ని. పాట నేర్పే అయ్యగారు కర్ర బల్ల మీద కొట్టి "నోరు తెరువు బిడ్డా, దేవునికి నీ పాట వినబడాలె గదా" అనేవారు. ముందు వరుసలో నిలబడ్డ దాన్ని నెమ్మదిగా వెనక వరుసకు జరిగాను. చివరికి మానేశాను.

అక్క పదో తరగతితో చదువు ఆపేసి మా ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్ దగ్గర సాయంగా పనిచేసేది. సూదులు మరిగించడం, గోలీలు పొట్లాలు కట్టడం, కట్లు కట్టడం. ఊళ్లో ఆడవాళ్లు డాక్టర్ కంటే ముందు అక్కనే అడిగేవారు. అక్క చెప్పిందంటే తిరుగు లేదు. అలాంటి మనిషి నన్ను అందరి ముందు "మా చెల్లె పండ్లు తోముమంటె ఏడుస్తదమ్మా" అంటే, ఊరంతా నమ్మింది. నేను కూడా నమ్మాను.

నాకు పదేళ్లున్నప్పుడు అక్కకు పెళ్లయి నిర్మల్ వెళ్లిపోయింది. నేను హాస్టళ్లలో చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చాను. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెప్తాను. పెళ్లిచూపుల్లో నేను నోరు తెరవలేదు. "మా చెల్లెకు సిగ్గెక్కువ" అని అక్క సర్దిచెప్పింది. మా ఆయన పెళ్లయిన రెండో రోజే నా పళ్లు గమనించి ఉంటాడు. ఏమీ అడగలేదు. అడగనందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. నేను రోజుకు మూడుసార్లు పళ్లు తోముకోవడం చూసి మాత్రం ఒకసారి, "అరిగిపోతయ్ జర ఆపు" అన్నాడు.

రెండేళ్ల కింద రెండో తరగతి పిల్లలకు పరిశుభ్రత పాఠం చెప్తున్నాను. ముందు బెంచీలో కూర్చున్న పాప చెయ్యెత్తి, "టీచర్, మీరు బ్రష్ చేసుకోరా?" అని అడిగింది. దానికి నన్ను బాధపెట్టాలని లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పాఠం ముగించి స్టాఫ్ రూమ్‌లో నీళ్లు తాగాను. మర్నాటి నుంచి ఆ పాఠం వేరే టీచరుకు ఇచ్చేశాను.

అదే ఏడాది అక్క కూతురి పెళ్లి కుదిరింది. అక్కకు ఒక్కతే బిడ్డ. నిశ్చితార్థం నిర్మల్‌లో అక్క ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అయ్యాక వియ్యపురాలు నన్ను పలకరించి, నేను మాట్లాడుతుంటే నా నోటి వైపే చూసింది. అది గమనించి అక్క నవ్వుతూ వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"మా చెల్లె చిన్నప్పటి సంది గంతే వదినా. పండ్లు తోముమంటె ఊరంత ఉరికేది. నేను పట్టుకొచ్చి తోమితె తోమినట్టు, లేకుంటె లేదు."

అందరూ నవ్వారు. నేను కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

వంటింట్లో గిన్నెలు సర్దుతున్నప్పుడు అక్క మెల్లగా అన్నది: "పెండ్లికి ఫొటోలు వీడియోలు మస్తుగ తీస్తరట. ఇంక మూడు నెల్లున్నయ్. కరీంనగర్‌ల పండ్లు తెల్లగ చేస్తరట గదా, చేయించుకోరాదూ. అందరం నవ్వాలె గదనే."

చేయించుకుంటానన్నాను. నాకూ ఆశ కలిగింది. బిడ్డ పెళ్లిలో ఒక్క ఫొటోలోనైనా నోరారా నవ్వాలనిపించింది.

మొదట తెల్లగా చేస్తుందని రాసి ఉన్న టూత్‌పేస్ట్ కొన్నాను. నెల వాడినా ఏ తేడా లేదు. తర్వాత ఫోన్లో ఒక వీడియో చూసి నిమ్మరసంలో తినే సోడా కలిపి వారం రోజులు రుద్దాను. రంగు మారలేదు కానీ చల్లని నీళ్లు తాగితే పన్ను లోపలి దాకా జివ్వుమనడం మొదలైంది. ఆ తర్వాత మా వీధి చివర బ్యూటీ పార్లర్‌లో పళ్లు తెల్లగా చేసే మిషన్ వచ్చిందని తెలిసి వెళ్లాను. పార్లర్ అమ్మాయి ఫేషియల్ చేసే కుర్చీలోనే నన్ను పడుకోబెట్టి, పెదవులు పక్కకు లాగే ప్లాస్టిక్ క్లిప్ పెట్టి, ఏదో జెల్ పూసి, నీలం లైటు పెట్టింది. పది నిమిషాలకే చిగుళ్లు మండాయి. చేత్తో సైగ చేస్తే "కొంచెం ఓర్చుకోండక్కా, మంట ఉంటేనే పనిచేస్తున్నట్టు" అన్నది. లేచి అద్దంలో చూసుకుంటే పళ్లు నిజంగానే తెల్లబడ్డట్టు కనిపించాయి. చిగుళ్లు కూడా తెల్లగా, ఉడికినట్టు అయ్యాయి.

మూడు రోజులు కారం ముట్టలేకపోయాను. పెరుగన్నం చల్లార్చుకుని తిన్నాను. నాలుగో రోజుకు చిగుళ్లు సర్దుకున్నాయి. పళ్లు మళ్లీ పాత రంగుకే వచ్చాయి.

అప్పుడు మా ఆయన నన్ను పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. "ముందుగాల్నే ఈడికి రావాల్సింది" అని దారంతా గొణిగాడు. డాక్టరమ్మ నా కంటే చిన్నది. నేను టీచర్ని అని తెలిసి టీచర్ అనే పిలిచింది. నేను కుర్చీలో కూర్చోగానే, ఆమె అడగకముందే నేనే చెప్పేశాను.

"చిన్నప్పుడు సరిగా తోముకోలేదండి. అందుకే ఇట్లయినయ్."

ఆమె చిన్న అద్దం పెట్టి పైనా కిందా చూసింది. చిగుళ్లు చూసింది. గాలి కొట్టి ఆరబెట్టి మళ్లీ చూసింది.

"ఎవరు చెప్పిండ్రు టీచర్ మీకు, తోముకోలేదని?"

"మా అక్క."

"మీకు ఒక్క పన్ను పుచ్చలేదు. పాచి లేదు. నిజం చెప్పాలంటె మీరు ఎక్కువ తోమి తోమి చిగుళ్ల దగ్గర అరగదీసిండ్రు. ఇది పైన పట్టిన రంగు కాదు. పన్ను లోపలి రంగు. పన్ను దవడ లోపల తయారయ్యేటప్పుడే కలిసిపోయిన రంగు."

నాకు అర్థం కాలేదు. ఆమె చేతి అద్దం నాకిచ్చి పళ్ల మీది చారలు చూపించింది. అన్ని ముందు పళ్ల మీదా ఆ చారలు ఒక లెక్క ప్రకారం ఉన్నాయి.

"చిన్నపిల్లలకు, అంటే ఎనిమిదేండ్ల లోపు, ఒక రకం యాంటీబయాటిక్ ఇస్తె గిట్ల వస్తది. టెట్రాసైక్లిన్ అంటరు. పిల్లలకు ఇయ్యొద్దు. గర్భంతో ఉన్నోళ్లకు కూడా ఇయ్యొద్దు. మీకు మూడు నాలుగేండ్లప్పుడు మళ్లీ మళ్లీ ఇచ్చినట్టున్నరు. ఒక్కో చార ఒక్కోసారి మందు వాడినప్పటిది. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, యాదుంటది."

"అంటే... నేను తోముకుంటే పోయేది కాదా?"

"మీరు బతికినన్నాళ్లు తోమినా పోదు."

ఆ మాటకు సంతోషం రావాలి. క్షణం పాటు వచ్చింది కూడా. నేను మురికిదాన్ని కాదు అనుకున్నాను. ఆ వెంటనే కళ్లలోంచి నీళ్లు కారడం మొదలై ఆగలేదు. డాక్టరమ్మ కుర్చీ పైకి లేపి, టిష్యూ ఇచ్చి, పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుంది. నేను సర్దుకున్నాక ఏం చేయొచ్చో చెప్పింది.

మామూలు మరకలైతే క్లినిక్‌లో గంటలో తెల్లగా చేయొచ్చట. అప్పుడైనా ముందు చిగుళ్ల మీద రక్షణ పొర వేశాకే మందు పూస్తారట. పార్లర్‌లో నాకు అది వేయలేదు, అందుకే కాలింది. నీలం లైటు కింద తెల్లగా కనిపించింది కూడా పన్ను తడి ఆరిపోవడం వల్లే, తడి చేరగానే రంగు తిరిగొచ్చింది. నా రకం మరకకు ఒక్క రోజులో ఏదీ పనిచేయదు. పళ్ల అచ్చు తీసి, దానికి సరిపోయే పలుచటి ప్లాస్టిక్ ట్రేలు చేసి ఇస్తారు. తక్కువ గాఢత ఉన్న జెల్ బొట్లు బొట్లుగా అందులో వేసుకుని రోజూ రెండు గంటలు పెట్టుకోవాలి. అలా ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది.

"పూర్తిగ పోతుందని నేను మాటియ్యను టీచర్. తేలికైతది. చిగుళ్ల దగ్గర చారలు మాత్రం మొండివి. పండ్లు జివ్వుమంటయ్, అప్పుడు రెండు రోజులు ఆపండి. చాయ్, పసుపు కూరలు తిన్నంక నోరు పుక్కిలించాలె. లేకుంటె ముందు పండ్లు కొంచెం అరగదీసి పింగాణీ పొరలు అతికించొచ్చు. అయితే ఒకసారి అరగదీస్తె మళ్ల పాత పన్ను రాదు. తొందరపడకండి."

పెళ్లికి నెలన్నరే ఉంది. అయినా ట్రేలే చేయించుకుంటానన్నాను. అచ్చు కోసం నోటినిండా చల్లటి ముద్ద పెట్టి కదలకుండా కూర్చోమంటే, కూర్చుని అక్క గురించే ఆలోచించాను. అప్పటికి అనుమానం లేదు. అక్కకు మందుల గురించి తెలుసు కదా, అక్కకే యాదుంటుంది అనుకున్నానంతే.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను.

"అక్కా, నాకు చిన్నప్పుడు ఏమన్నా మందులు వాడిండ్రా? మూడు నాలుగేండ్లప్పుడు?"

అక్క ఒక్కసారిగా గొంతు తగ్గించింది. పెళ్లి పత్రికల గురించి అప్పటిదాకా ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్న మనిషి.

"ఎందుకే?"

"పండ్ల డాక్టర్ అడిగింది."

"ఏమో. నాకేం యాదికి లేదు. పని మీదున్న, మళ్ల చేస్త" అని పెట్టేసింది.

మా అక్కకు నా ప్రతి జ్వరం తేదీతో సహా గుర్తుంటుంది. ఏ పండక్కి నాకు ఏ రంగు గౌను కుట్టించారో చెప్తుంది. యాదికి లేదన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఆ ఆదివారం ఆరాధన అవగానే నిర్మల్ బస్సెక్కాను. మా ఆయన వస్తానంటే వద్దన్నాను.

అక్క మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఏ మందక్కా?"

చేట కింద పెట్టింది. చాలాసేపు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నీకంటె ముందు ఒక తమ్ముడు పుట్టిండు, ఎరుకే గదా" అన్నది. "రెండేండ్లకు దగ్గు జ్వరంతోటి పోయిండు. డొక్కలెగరేసుకుంట నా ఒళ్లెనే పోయిండు. నీకూ మూడేండ్లకు గదే దగ్గు వట్టింది. డాక్టర్ సాబ్ సిరప్ ఇస్తె తగ్గలే. నేను ఆయన దగ్గర పెద్దోళ్లకిచ్చే గొట్టం గోలీలు తీసుకొచ్చిన. గొట్టం విప్పి లోపలి పొడి తేనెల కలిపి నీకు నాకించిన. రెండు రోజులల్ల లేచి ఆడుకున్నవ్. ఇంక గంతే, దగ్గు వచ్చినప్పుడల్ల గదే ఇచ్చిన. ఆయనకు చెప్పలే. అవ్వకు చెప్పలే."

"ఎన్నిసార్లు?"

"ఎవలు లెక్క వెట్టిండ్రే. నీకు ఐదేండ్లు నిండేదాక."

తమ్ముడు పోయిన ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల, తేనె గిన్నె, విప్పిన గొట్టం కళ్ల ముందు కనిపించాయి. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. దగ్గర ఉంటే దగ్గరికి తీసుకునేదాన్ని.

"మందు వల్లనే అని నీకు ఎప్పుడు తెలిసింది?"

తల ఎత్తకుండా చెప్పింది.

"కొత్త పండ్లు వచ్చినప్పుడు డాక్టర్ సాబ్ చూసి గుర్తువట్టిండు. ఏం గోలీలు ఇచ్చినవని అడిగితె చెప్పిన. తిట్టిండు. బయటికి చెప్పకు, నా పేరు గూడ పోతదన్నడు. నువ్వు నాలుగో తరగతిల ఉన్నప్పుడు మీ బడికి పండ్ల డాక్టర్లు వచ్చిండ్రు గదా. నిన్ను బయట కూసోబెట్టి నాకు చెప్పిండ్రు. పిల్లను తోముమని సతాయించకండి, మందు మరక అన్నరు. చీటి గూడ రాసిచ్చిండ్రు."

ఆ రోజు నాకు గుర్తుంది. బడి వరండాలో కూర్చుని అక్క కోసం ఎదురుచూశాను. అక్క బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "మంచిగ తోముకోవాలన్నడు డాక్టర్" అన్నది. ఆ సాయంత్రం ఉప్పు పెట్టి రుద్దింది కూడా.

"చీటి ఏం చేసినవ్?"

"పొయ్యిల వేసిన."

మిరపకాయల ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"మందిచ్చిందానికి నాకు కోపం లేదక్కా. నువ్వు లేకుంటె బతికేదాన్ని కాదేమో. మరి మురికిదాన్నని ఎందుకన్నవ్? తెలిసి కూడ ఎందుకు రుద్దినవ్? మొన్న నిశ్చితార్థంల ఎందుకన్నవ్?"

"అందరు అడుగుతుండిరే. మీ చెల్లె పండ్లెందుకట్లున్నయని. నేను దవాఖాన్ల పనిచేసేదాన్ని. నా చేతుల మందు తీసుకుంటుండిరి. ఏం చెప్పాలె? ఒక్కసారి తోముకోదన్న. మల్ల అడిగితె మల్ల అదే అన్న. అట్ల అలవాటైపోయింది. అనుకుంట అనుకుంట నాకే నిజమనిపించేది."

"నాకు నిజమయ్యింది" అన్నాను.

అక్క ఏడ్చింది. నా కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాను. ఒక్కటే అడిగాను. ఇంతమంది ముందు అన్నావు కదా, మనవాళ్ల ముందు ఒక్కసారి నిజం చెప్పు. వియ్యపురాలికి వద్దు, బావకూ బిడ్డకూ చెప్పు చాలు. పెళ్లి కానీయ్, చెప్తానన్నది అక్క. నా చేతిలో చెయ్యి వేసి చెప్పింది. ఆ మాటను నమ్మే తిరుగు బస్సెక్కాను.

పెళ్లినాటికి ట్రేలు పెట్టుకోవడం మొదలై నెలైంది. రంగులో పెద్ద తేడా లేదు. పళ్లు జివ్వుమంటుంటే పెళ్లి భోజనంలో ఐస్‌క్రీం వద్దన్నాను. చర్చి బయట ఫొటోలు తీస్తున్నప్పుడు వియ్యపురాలు మళ్లీ నా పళ్ల వైపు చూసి, ఈసారి అడిగేసింది. బావ అక్కడే ఉన్నాడు. బిడ్డ అక్కడే ఉంది. అక్క నా వైపు చూసింది. చెప్పబోతోందనుకున్నాను.

"మా ఊరి నీళ్లు మంచిగుండవు వదినా" అన్నది అక్క. "బోరింగు నీళ్లు. గా నీళ్లతోటి మా చెల్లె పండ్లు గట్లయినయ్."

ఆ మాట అని నా వైపు తిరిగి, కళ్లతోనే ఏదో అన్నది. చూశావా, ఈసారి నిన్ను అనలేదు కదా అన్నట్టు. నాకు మేలు చేసినట్టు. ఆ చూపుకు నా లోపల ఏదో తెగింది. మిద్దె మీద నిజం విన్నప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు. ఆ నీళ్లే ఆమె కూడా తాగి పెరిగింది. ఆమె పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. వియ్యపురాలికి ఆ ఆలోచన రాలేదు. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. నేను పెదవులు మూసుకుని నిలబడ్డాను.

తర్వాత ఏడు నెలలు బడి నుంచి రాగానే మొహం కడుక్కుని ట్రేలు పెట్టుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దుకునేదాన్ని. మధ్యలో రెండుసార్లు పోటు ఎక్కువై ఆపాను. డాక్టరమ్మ దగ్గర రంగుల పలక ఉంటుంది, చిన్న చిన్న పింగాణీ పళ్లు వరసగా గుచ్చినది. నెలకోసారి దాన్ని నా పళ్ల పక్కన పెట్టి చూసేది. బూడిద రంగు మెల్లగా తేలికై, పాత ఏనుగుదంతం రంగుకు వచ్చింది. చారలు పలచబడ్డాయి గానీ పోలేదు. పింగాణీ పొరలు వేద్దామా అని అడిగితే ఇక చాలన్నాను. ఉన్న పన్నును మళ్లీ అరగదీయడానికి మనసొప్పలేదు.

ఆ రోజుల్లోనే అక్క బిడ్డ భర్తతో కరీంనగర్ వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉంది. వంట చేస్తుంటే నా మొహంలోకి చూసి, "చిన్నమ్మా, నీ పండ్లు మంచిగైనయ్. నీళ్ల మరక పోతదా?" అని అడిగింది.

అక్క చెప్పలేదని అప్పుడు తేలిపోయింది. చెప్పాలా వద్దా అని కూర తిప్పుతూ ఆలోచించాను. నేనూ అబద్ధం ఆడితే ఆ అబద్ధంలో నేనూ కలిసినట్టు. చెప్పేశాను. మందు గురించి, చిన్నప్పుడే పోయిన అన్న గురించి, చీటి గురించి. మీ అమ్మే నన్ను బతికించిందని కూడా చెప్పాను. అది కూడా నిజమే కాబట్టి. బిడ్డ నా చేతిలోని గరిటె తీసి పక్కన పెట్టింది. "నేను గూడ నవ్విన గదా చిన్నమ్మా, నిశ్చితార్థంల" అన్నది.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది.

"నా బిడ్డ ముందు నన్ను తక్కువ చేసినవ్. నిన్ను నమ్మి చెప్పుకున్న. గిట్ల చేస్తవనుకోలే."

"నేను కూడ నిన్ను నమ్మే తోముకున్నక్కా" అన్నాను.

పెట్టేసింది. ఆ తర్వాత ఏ కబురైనా బావ ఫోన్ నుంచే వచ్చేది.

పోయిన నెల అక్కకు కంట్లో శుక్లం చూపించాలని బావ కరీంనగర్ తీసుకొచ్చాడు. నేను ఆసుపత్రికి వెళ్లాను. బావ చీటీ కోసం వరసలో నిలబడితే అక్కా నేనూ బెంచీ మీద పక్కపక్కన రెండు గంటలు కూర్చున్నాం. కంట్లో చుక్కలు వేశారు. వెలుతురు పడక కళ్లు చికిలిస్తూ, మంచినీళ్లు కావాలని అడిగింది. ఇచ్చాను. ఇంట్లో ఎట్లున్నరని అడిగింది. బాగున్నారన్నాను. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. నేను ఎత్తలేదు. ఆమె చెప్తుందని ఎదురుచూడటం నేను మానేశానని ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు.

కిందికి దిగేటప్పుడు మెట్లు కనబడక తడబడింది. చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను. ఒక్కో మెట్టూ లెక్కపెట్టి చెప్తూ కింది దాకా దింపి, ఆటోలో కూర్చోబెట్టి, నేను బడికి వెళ్లిపోయాను.